చెప్పుల దగ్గర కాపలా

సింహాచలం కొండ కింద, అడవివరంలో ఓ లెక్కల మాస్టారు. 62 నిండి బడి వదిలారు గానీ తెల్లవారుజామున లేవడం వదల్లేదు. పక్కన మనవరాలు, ముందు ఊరకుక్క. తొలిపావంచా దగ్గర ఆయన దండం పెట్టుకుని వచ్చేదాకా అది ఆయన చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుంటుంది.

ఆషాఢ పౌర్ణమికి గిరిప్రదక్షిణ, దాదాపు 32 కిలోమీటర్లు. ఇంటిల్లిపాదీ నడుస్తారు. మోకాళ్ల నొప్పులు మాత్రం కొడుక్కే!

కుక్కెందుకండీ అంటే మహాభారతం తీస్తారు. రాజ్యం పరీక్షిత్తుకు అప్పజెప్పి పాండవులు, ద్రౌపది మహాప్రస్థానం కడితే వెంట నడిచిన ఏడో ప్రాణి కుక్కే. దాన్ని వదిలేసి స్వర్గానికి రమ్మంటే ధర్మరాజు ససేమిరా అన్నాడు.

“ఆయనా రిటైరయ్యాకే కదా బయల్దేరింది” అంటారు మాస్టారు, చెప్పులేసుకుంటూ. కుక్క అప్పటికే గేటు దగ్గరుంది.