సగటు లెక్కలో తప్పిపోయిన వాళ్లం

మేం బి.ఏ. చదివిన వాళ్లం. ఇంటర్‌లో కెమిస్ట్రీకి భయపడి చరిత్రలోకి పారిపోయాం. ఇంట్లో ఉర్దూ, పత్రికలో తెలుగు. ఈ రెంటి మధ్యే మా బతుకు.

అలాంటి మా ఇంట్లోంచి అక్క కూతురు థియరిటికల్ కెమిస్ట్రీలో పిహెచ్.డి.కి పోయింది. బావ స్కూటర్ మెకానిక్. "కెమిస్ట్రీ అంటే సీసాలు, యాసిడ్లు కదా, ఇదేంది కాగితాలు పట్టుకుని కూచుంటది?" అని అక్క అనుమానం.

మా నానా 1940లలో ఉస్మానియాలో చదివాడు. 1918లో మొదలైన ఆ యూనివర్సిటీ సైన్సు కూడా ఉర్దూలోనే చెప్పింది. పుస్తకాల కోసం 1917లోనే దారుల్ తర్జుమా పెట్టారు. మూలకం అంటే 'ఉన్సుర్', సమ్మేళనం అంటే 'మురక్కబ్' అని నానా మాకు అప్పజెప్పేవాడు. 1948 తర్వాత అక్కడ ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఆయన మనవరాలి కూతురు డిగ్రీ దాకా తెలుగు మీడియం. యూనివర్సిటీలో మొదటి ఆర్నెల్లు క్లాసులో నోరు విప్పలేదు.

గైడ్ సారు ఆమెను బోర్డు ముందు నిలబెట్టారు. "ఇంగ్లీషు సంగతి తర్వాత. నీకొచ్చిన భాషలో చెప్పమ్మా" అన్నారు. తెలుగులో మొదలుపెట్టి, ఉర్దూలోకి జారి, సమీకరణం దగ్గర ఆగింది. సారుకు ఉర్దూ రాదు. సమీకరణం చూసి తప్పెక్కడుందో చూపించారు. పొగడలేదు, జాలిపడలేదు.

కంప్యూటర్ అంకె ఇచ్చిందని సంబరపడితే ఆయన ఒప్పుకోరు. "ఈ అంకె కోసం ఏం వదిలేశావు?" అంటారు. అది రాసి చూపించేదాకా తర్వాతి పని ఇవ్వరు.

ఏం వదిలేస్తారని మేం అడిగాం.

"మామూ, ఒక్క ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్ పరమాణువుకు ష్రోడింగర్ సమీకరణం కచ్చితంగా తేలుతుంది. రెండోది వస్తే అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, లెక్క చిక్కుపడుతుంది. అందుకే ప్రతి ఎలక్ట్రాన్ మిగతావాటి సగటును మాత్రమే చూస్తుందనుకుంటాం. హార్ట్రీ-ఫాక్ పద్ధతి అదే. అందులో తప్పిపోయే శక్తి సాధారణంగా మొత్తంలో ఒక శాతం చుట్టుపక్కల."

"ఒక్క శాతమే కదా, పోతే ఏం?"

"ఫ్లోరిన్ అణువు పోతుంది. ఆ సగటు లెక్క ప్రకారం రెండు ఫ్లోరిన్ పరమాణువులు కలిసుండటం కంటే విడిగా ఉండటమే మేలు. కానీ ఫ్లోరిన్ అణువు ఉంది కదా!"

ఆ మాట చాలా రోజులు మమ్మల్ని వదల్లేదు. సగటు అబద్ధమని కాదు. 2006లో సచార్ కమిటీ మా వెనకబాటును అంకెల్లో పెట్టింది గనకే అడగడానికి మాకొక ఆధారం దొరికింది. కానీ ఆ సగటునే తెచ్చి ఒక్కో మనిషి మొహానికి అంటిస్తే? పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదనే ఇంటాయన సగటునే చూస్తాడు. మావాళ్లూ తక్కువ తినలేదు. సభల్లో జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరు చెప్పి ఛాతీ విరుస్తారు. ఇంట్లో ఆడపిల్ల కెమిస్ట్రీ అంటే "ఇంత చదివితే సంబంధం ఎక్కణ్నుంచి తెస్తారు?" అంటారు. దాచేదేముంది, మేమూ అన్నాం, బి.ఎడ్. చేసి టీచరుద్యోగం చూసుకోమని. 'ముస్లిం ఆడపిల్లల చదువు' మీద ఎన్నో వార్తలు రాసిన మేమే, మా ఇంటి పిల్లను చూడలేదు. ఆ వార్తల్లో ఏం వదిలేశామో ఒక్కసారీ రాసుకోలేదు.

ఇప్పుడు ఆమె జూనియర్లకు లెక్కలు చెబుతోంది. మొన్న ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒక పిల్లవాడు బోర్డు ముందు మూగగా నిలబడితే, "నీకొచ్చిన భాషలో చెప్పు" అందట. అతను గోండీలో మొదలుపెట్టాడు. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. సమీకరణం చూసి తప్పెక్కడుందో చూపించింది.