మంప నుండి కొయ్యూరు దాక

మన్యసీమను జూడగోరు సోదరీమణులు నర్సీపట్టణము మీదుగా బోవలెను. కృష్ణదేవిపేట దాటినపిమ్మట కొండలు దగ్గరపడును. చింతచెట్లు, వెదురుపొదలు, అడ్డతీగెలు, వాలులందు రాగిచేలు కన్నులకు విందొనర్చును. కొంతదూరము పోగా కొయ్యూరును, దాని కనతిదూరమున మంప యను పల్లెయు గలవు. నూరేండ్లక్రిందట ఈ దారులు బహు దుర్గమములు. కాలినడకయే గతి, మన్యపు జ్వరము సోకినచో ఎంతటి బలిష్ఠులైనను మంచము పట్టెడివారు.

1924వ సంవత్సరము మే 7వ తేదీని మంపయొద్ద పట్టుపడిన యొక బందీని సిపాయిలు ఈ యడవిదారినే కొయ్యూరునకు గొనిపోయిరి. ఆయన అల్లూరి సీతారామరాజు. పోడుసేద్యమును నిరోధించిన అడవి చట్టములను, చాలీచాలని కూలికి రోడ్డుపనులు చేయించు అధికారుల దౌర్జన్యమును సహింపలేక కొండవారు ఆయన వెంట నడచిరి. 1922 ఆగష్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి తుపాకులు గైకొనిరి. దొరతనమువారికి ఆయన ఫితూరీదారు; గిరిజనులకు దైవసమానుడు.

అడవి ఆ బందీకి కీడు చేయలేదు. ఆయన క్షేమముగనే కొయ్యూరు చేరెను. కాని యచ్చట మేజర్ గుడాల్ విడిదియే కాని న్యాయస్థానము లేదు. విచారణ లేకయే ఆయనను కాల్చి చంపిరి. పారిపోజూచెనని ప్రభుత్వము చెప్పెను. చెట్టునకు గట్టి కాల్చిరని జనులు నేటికిని జెప్పుకొందురు. అప్పటి కాయనకు ఇరువదియేడేండ్లైనను నిండలేదు.

ఆయన యనుచరుడు గాము మల్లుదొరయు పట్టుపడెను. అతనిని న్యాయస్థానమున విచారించిరి. మరణదండన తప్పి, అతడు అండమానునకు బోయెను. 1952లో ఆ మల్లుదొరయే లోకసభ సభ్యుడయ్యెను! విచారణ జరిగినవాడు బ్రదికెను, జరుగనివాడు సమాధియయ్యెను.

ఇరుగుపొరుగువారు మన బిడ్డపై నేరము చెప్పినప్పుడు, ముందు వానిని బిలిచి, "ఏమి జరిగినదిరా?" యని యడుగని తల్లి యుండునా? సూర్యనారాయణమ్మగారి బిడ్డ కాపాటి ప్రశ్నయైనను దక్కలేదు.

కృష్ణదేవిపేటలో తాండవనది యొడ్డున రాజుగారి సమాధి యున్నది. 2022లో కొయ్యూరు మొదలైన సీమలతో నేర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టిరి. ఆ దారిని బోవు సోదరీమణులు బిడ్డలను సమాధిచెంతకు గొనిపోయి, కొయ్యూరున జరిగినదియు, జరుగవలసియుండి జరుగనిదియు వారికి జెప్పవలెను.