కయ్యల్లో కయ్యాలు

మన చేజర్ల పక్క వరికోతలు అయిపోయాయి. మిషన్లు వచ్చిన దారినే పోయాయి, గడ్డి వాములకెక్కింది. పుట్టికి ఎంత పలికిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు, దళారి మాట ఇంకొకటి. ఎడగారు పంటకు నీళ్లొదుల్తారా లేదా అన్న సంగతి టీ అంగడి దగ్గర తెల్లారుజామునే మొదలవుతోంది. సోమశిలలో ఎన్ని టీఎంసీలు నిలిచాయో ఇంజనీర్లకంటే మనవాళ్లే గట్టిగా చెబుతారు. నిమ్మతోటలున్నవాళ్లు మాత్రం పొదలకూరు మార్కెట్ ధర ఫోన్లో చూసుకుంటూ నవ్వుముఖంతో తిరుగుతున్నారు. పెంచలకోన, జొన్నవాడ బ్రహ్మోత్సవాలు ముందున్నాయి. పెళ్లిళ్లు సరేసరి.

బళ్లకు సెలవులిచ్చిన మర్నాటినుంచి కోసిన కయ్యలన్నీ పిల్లకాయల వశం. కొయ్యకాళ్లు పారతో చెక్కి, నీళ్లు చల్లి, కాళ్లతో తొక్కి పిచ్ తయారు చేస్తారు. పుస్తకం ప్రకారం పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. ఇక్కడ అంగలతో కొలుస్తారు కాబట్టి కొలిచినవాడు పొడుగైతే పిచ్ పొడుగు, పొట్టి అయితే పొట్టి. బౌలింగ్ చేసేవాళ్లు పొట్టివాణ్ని వెతుక్కోవడంలో వింతేముంది!

పగలు కయ్యల్లో, రాత్రి ఏడున్నరకు టీవీ ముందు ఐపీఎల్. కామెంటరీ తెలుగులోనే వస్తున్నా పెద్దవాళ్లకు సగం అందదు. మొన్న ఒకరింట్లో మనవడు 'వికెట్ పడింది' అని ఎగిరి గంతేశాడు. తాత కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "వికెట్టంటే ఆ మూడు పుల్లలని నువ్వేగా చెప్పింది. అవి నిలబడే ఉండాయి కదరా అబ్బయ్యా, యాడ పడింది?"

"ఔటయ్యాడు తాతా. ఔటయితే వికెట్ పడిందంటారు."

ఇంతలో కామెంటేటర్ 'ఈ వికెట్ బ్యాటింగ్‌కు బాగా సహకరిస్తోంది' అన్నాడు. ఈసారి వికెట్టంటే పిచ్ అని చెప్పేసరికి ఆయన "ఒక్క మాటకు మూడు అర్థాలా! మా కరణమే నయం" అని లేచిపోయాడు.

తాతది న్యాయమైన ఫిర్యాదే. కానీ ఈ మాటల్ని ఏ పండితుడూ కూర్చుని తయారు చెయ్యలేదు. చాలావాటి వెనక ఒక తగాదా ఉంది. ఎవడో అతితెలివి చూపించాడు, అవతలివాళ్లు గొడవ పడ్డారు, పెద్దలు కలిసి ఒక రూలు పెట్టారు, దానికో పేరు పడింది. మన పిల్లకాయలు కయ్యలో రోజూ చేస్తున్నదీ అదే.

ఎల్బీడబ్ల్యూ సంగతే తీసుకోండి. బంతి వికెట్లకు తగలకుండా కాలు అడ్డం పెట్టి బతికిపోయేవాళ్లు ఎక్కువైతే, 1774లో ఇంగ్లండ్ పెద్దలు అది ఔటని రాసుకున్నారు. ఇక ఇప్పుడైతే బంతి ఎక్కడ పడింది, కాలికి ఎక్కడ తగిలింది, తగలకపోతే వికెట్లకు పోయేదా అని మూడు ప్రశ్నలు. కంప్యూటర్ వచ్చాక కూడా బంతి వికెట్ అంచును రాసుకుంటూ పోతుందని తేలితే అంపైర్ ముందు చెప్పిందే ఖాయం. దాన్నే అంపైర్స్ కాల్ అంటున్నారు. మన కయ్యలో అసలు ఎల్బీడబ్ల్యూ లేదు. ఎందుకంటే బ్యాటింగ్ టీములో ఔటై కూర్చున్నవాడే అంపైరు. వాడు సొంత మనిషికి వేలెత్తుతాడా? అది తెలుసుకునే ఆ రూలును మొదట్లోనే కొట్టేశారు. మంచి పనే చేశారు.

బ్యాటు వెడల్పుకూ ఇలాంటి కథే ఉంది. 1771లో థామస్ వైట్ అనే పెద్దమనిషి వికెట్లంత వెడల్పున్న బ్యాటు పట్టుకుని దిగాడు. వికెట్లు కనపడితే కదా బౌలర్ వేసేది. పెద్ద గొడవైంది. బ్యాటు నాలుగుంపావు అంగుళాలు మించకూడదని తేల్చారు. 250 ఏళ్లు దాటినా ఆ కొలత మారలేదు. మన దగ్గర బ్యాటు దొరకనప్పుడు తాటిమట్టతో ఆడేవాళ్లున్నారు. దాని మొదలు ఎంత వెడల్పుంటుందో మీకు తెలియంది కాదు. వైట్‌గారు చూస్తే సంతోషించేవాడు.

అవతలి కొసన నిలబడే నాన్ స్ట్రైకర్ బంతి వెయ్యకముందే పరుగు మొదలుపెడితే? 1947 డిసెంబరులో సిడ్నీ టెస్టులో మన వినూ మన్కడ్ ఆస్ట్రేలియా బ్యాటర్ బిల్ బ్రౌన్‌ను అలాగే రనౌట్ చేశాడు. దానికి మన్కడింగ్ అని పేరు పెట్టేశారు. దొంగ పరుగు తీసినవాడొకడు, పేరు పడిందొకరికి! 2022లో ఆ రూలును 'అన్యాయపు ఆట' పద్దులోంచి తీసి మామూలు రనౌట్‌లో కలిపారు. అదే ఏడాది సెప్టెంబరులో లార్డ్స్‌లో మన దీప్తిశర్మ ఇంగ్లండ్ చివరి బ్యాటర్‌ను అలాగే ఔట్ చేస్తే మళ్లీ వారం రోజులు గొడవే. మన పిల్లకాయలకు ఈ చరిత్ర తెలియకపోయినా ఒకసారి హెచ్చరించి రెండోసారి కొట్టెయ్యాలన్న ఒప్పందం ఉంది. లార్డ్స్‌లోవాళ్లకంటే వీళ్లే పెద్దరికంగా ఉన్నారనిపిస్తుంది.

ఇక టైమ్‌డ్ ఔట్. 2023 నవంబరు 6న ఢిల్లీలో శ్రీలంక ఆటగాడు ఏంజెలో మాథ్యూస్ హెల్మెట్ పట్టీ తెగిందని ఆగాడు. కొత్త బ్యాటర్ సిద్ధం కావలసిన రెండు నిమిషాలు దాటాయని బంగ్లాదేశ్ వాళ్లు అప్పీల్ చేస్తే ఒక్క బంతీ ఆడకుండానే వెనక్కి పోవలసి వచ్చింది. అంతర్జాతీయ క్రికెట్లో అలా ఔటైన మొదటివాడు ఆయనే. మన దగ్గరైతే అన్నం తినడానికి ఇంటికి పోయినవాడు అరగంట తర్వాత వచ్చి బ్యాటింగ్ అడుగుతాడు. ఇస్తారు కూడా, బ్యాటు వాడిదైతే.

ఫీల్డర్లు నిలబడే చోట్ల పేర్లు ఇక్కడెవరికీ అక్కర్లేదు. "నువ్వు బోరు కాడికి పో, నువ్వు గట్టెక్కు, నువ్వు చింతచెట్టు కింద ఉండు" అంటే చాలు. టీవీ చూసేవాళ్లకు ఒక్కటి చెబుతా. సిల్లీ పాయింట్‌లో సిల్లీ ఎందుకంటే, బ్యాటర్ ముక్కు ముందు నిలబడేవాడికి బుద్ధి తక్కువని.

కొన్ని మాటలు మాత్రం చెబితే అర్థం కావు, చూస్తేనే అవుతాయి. స్ట్రైక్, టెయిలెండర్, డిఫెన్స్ ఈ మూడింటికీ 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో టెస్టులో జరిగినదానికంటే మంచి పాఠం లేదు. విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి 99 మీద అవతలి కొసన నిలబడ్డాడు. బుమ్రా సున్నాకే ఔటయ్యాడు. ఆఖరి మనిషిగా హైదరాబాద్ సిరాజ్ వచ్చాడు. అతను టెయిలెండర్, అంటే బౌలింగ్ కోసం టీములో ఉన్నవాడు. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. అవి ఆడి బతికితేనే ఓవర్ మారి స్ట్రైక్ నితీశ్‌కు వస్తుంది. సిరాజ్ మూడింటినీ అడ్డుకున్నాడు. ఒక్క పరుగూ రాలేదు, ఆ సున్నాకే స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత ఓవర్లో బోలండ్‌ను ఫోరు కొట్టి నితీశ్ సెంచరీ చేశాడు. స్టాండ్స్‌లో వాళ్ల నాన్న ఏడుస్తుంటే ఇక్కడ మన టీ అంగడిలోనూ కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. ఆ రోజునుంచి కయ్యలో ఎవడైనా చివర్లో మూడు బంతులు ఆపితే వాడు సిరాజే.

ఈ ఏడాది కయ్యల్లో కొత్త ముచ్చట ఆడపిల్లలు. వెలిగొండలకు అవతల కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఎడమచేతి స్పిన్‌తో 2025 నవంబరు 2న నవీ ముంబయిలో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. అది మన ఆడవాళ్ల మొదటి ప్రపంచకప్. అప్పటిదాకా గట్టు మీద కూర్చుని పరుగులు లెక్కపెట్టిన పిల్లలు ఇప్పుడు బంతి అడుగుతున్నారు.

వాళ్లలో ఒకమ్మి ఎడమచేత్తో బంతిని బాగా తిప్పుతోంది. వరసగా ఇద్దరు ఔటయ్యేసరికి మగపిల్లకాయలు "చకింగ్, చకింగ్" అని మొదలుపెట్టారు. అంటే చెయ్యి మడిచి విసురుతోందని. 1995లో ఇదే మెల్‌బోర్న్‌లో శ్రీలంక స్పిన్నర్ మురళీధరన్ మీదా ఇదే కేక. చివరికి 2005లో మోచెయ్యి 15 డిగ్రీల దాకా చాచినా తప్పులేదని తీర్మానించారు. మన కయ్యలో 15 డిగ్రీలు ఎవరు కొలవాలి? పదో తరగతి రాసినవాడొకడు జామెట్రీ బాక్సు తెస్తానని ఇంటికి పరిగెత్తాడు. ఆ అమ్మి మాత్రం "ఏందిబ్బా, మీరు కొలుచుకుంటా ఉండండి, నా ఓవర్లో ఇంకా రెండు బాళ్లున్నాయి, బాలియ్యండి" అంటోంది.