పది నిముషముల తగవు

తెలుగు బోధించువాడు లారీ ఇంజనును గురించి వ్రాయుట ఏమిటని మన విద్యార్థులు నవ్వుకొనవచ్చును. లోగడ ఈ సంచికకు మేము వేమనను గురించి, ఉర్దూ నుండి తెలుగునకు వచ్చిన మాటలను గురించి వ్రాసియున్నాము. ఈసారి ఆ దారి విడుచుటకు ఒక కారణము కలదు. మన కళాశాల బస్సు డ్రైవరు ప్రతి ఉదయము బస్సును కదిలించుటకు ముందు పది నిముషములు ఇంజనును ఊరకనే గట్టిగా తిప్పుచున్నాడనియు, పొగ తరగతి గదులలోనికి వచ్చుచున్నదనియు, డీజిలు వృథా అగుచున్నదనియు కమిటీ పెద్దలకు ఒక ఫిర్యాదు అందినది. లారీల ఇంటి నుండి వచ్చినవారము గనుక మా అభిప్రాయము కూడ అడిగినారు. మాకు వెంటనే నోట మాట రాలేదు. ఇటువంటి ప్రశ్ననే పూర్వమొకసారి మమ్ములను ఒకరు అడిగియున్నారు. అప్పుడు మేము క్షణము ఆలస్యము చేయక జవాబు చెప్పినాము.

మా తండ్రిగారు ముప్పది ఏండ్లు లారీ నడిపినారు. బేతంచెర్ల నాపరాయి, మంగంపేట ముగ్గురాయి, యర్రగుంట్ల సిమెంటు, ఇవన్నియు ఆయన మోసినవే. మాకు ఊహ తెలిసిన తరువాత మాత్రము ఎక్కువగా ఒకే బాట. కర్నూలు నుండి ఉల్లిగడ్డలతో చిత్తూరు పోవుట, అక్కడి నుండి బెల్లముతో తిరిగి వచ్చుట. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, కడప, రాయచోటి, పీలేరు మీదుగా పోవు ఆ బాట అప్పట్లో 18వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చిన తరువాత 40 అయినది. మా తండ్రిగారు మాత్రము నేటికీ పద్దెనిమిదనే అంటారు.

ఆ బాటలో కడప, రాయచోటిల నడుమ పాలకొండలను దాటవలెను. కడప వైపు నుండి ఎక్కుడు, రాయచోటి వైపు నుండి వచ్చువారికి దిగుడు. అదియే గువ్వలచెరువు ఘాటు. అక్కడ తరచు ప్రమాదములు జరుగుట పత్రికలు చదువువారికి తెలిసినదే. ఘాటు తలమీద గువ్వలచెరువు ఊరు, పాలకోవాకు పేరుపొందినది. చిత్తూరు నుండి వచ్చు లారీలు రాత్రివేళ అక్కడ ఆగి, డ్రైవర్లు రెండు మూడు గంటలు కన్ను మూసి, తెల్లవారుజామున లేచి దిగుదురు. ఇక్కడనే చిక్కు. మైదానములో రాత్రి ఆగిన బండికి చల్లని ఇంజనుతో నాలుగు మైళ్ళు మెల్లగా పోవుటకు వీలున్నది. గువ్వలచెరువులో ఆగిన బండికి అట్టి వెసులుబాటు లేదు. స్టార్టు చేసిన కొద్దిసేపటికే దిగుడు వచ్చి పడును.

డీజిలు ఇంజనులో పెట్రోలు ఇంజనులోవలె నిప్పురవ్వ ఉండదు. గాలిని బలముగా నొక్కగా పుట్టిన వేడికే నూనె అంటుకొనును. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో నడిపి చూపిన సూత్రమిదే. ఇనుము చల్లగా ఉన్నప్పుడు ఆ వేడిని ఇనుమే పీల్చుకొనును. తెల్లని పొగ వచ్చును, ఇంజను తడబడును. అందుచేత పాత లారీలలో డాష్‌బోర్డు వద్ద లాగుటకు ఒక గుబ్బ ఉండేది. అది చేతి యాక్సిలరేటరు. మామూలుగా నిముషమునకు 600, 700 చుట్లు తిరుగు ఇంజను, గుబ్బ లాగిన వేయి దాపునకు లేచును. దీనినే డ్రైవర్లు రేజులో పెట్టుట అంటారు. బండి కదలక ఇంజను మాత్రమే తిరుగు స్థితికి ఆంగ్లములో సోమరి అని అర్థమిచ్చు మాటను వాడుదురు. ఆ పేరు పెట్టినవాడు ఎన్నడును లారీ తోలియుండడని మా అనుమానము.

ఏలయనగా ఆ సమయమున ఇంజను ఇంకొక పని చేయుచుండును. పెద్ద లారీల బ్రేకులు గాలితో పనిచేయునవి. ఇంజను తిరిగిననే కంప్రెసరు తిరుగును, కంప్రెసరు తిరిగిననే ట్యాంకులలో గాలి నిండును. చదరపు సెంటీమీటరునకు ఏడెనిమిది కిలోల ఒత్తిడి వచ్చువరకు బ్రేకు మీద పూర్తి భరోసా ఉంచరాదు. ఇంజను ఎంత వడిగా తిరిగిన గాలి అంత త్వరగా ఎక్కును. మా తండ్రిగారు దానిని హవా అనేవారు. "హవా ఎక్కనీ" అను మాట మేము చిన్ననాటి నుండి ఎన్నిమారులు వినియుంటిమో లెక్క లేదు.

యజమానికిని డ్రైవరునకును తగవు ఈ పది నిముషముల మీదనే. యజమాని పేరు ఇక్కడ అనవసరము, చెడ్డవాడు కాదు. ఆయన వాదము ఇది: "ఇది కడప సాయిబూ, కాశ్మీరు కాదు. ఎండాకాలం గుడ్డు పగలగొట్టి బండ మీద వేస్తే ఉడికే సీమలో ఇంజను వేడి చేసేదేంది?" న్యాయముగా చెప్పవలెనన్న ఇందులో సగము నిజమున్నది. ఊరకనే చాలసేపు తిప్పిన డీజిలు పూర్తిగా కాలదు, మసి పట్టును. కాలిఫోర్నియాలో పెద్ద డీజిలు బండ్లను ఐదు నిముషములకు మించి ఊరక తిప్పరాదని నిబంధన పెట్టినారు. మన 1988 నాటి మోటారు వాహనముల చట్టము 126వ సెక్షను కూడ, సీటులో లైసెన్సు గలవాడు లేకుండ ఇంజనును నడుచునట్లు విడిచి దిగిపోరాదని చెప్పుచున్నది. గువ్వలచెరువులో గుబ్బ లాగి టీ కొట్టునకు పోవువారిని మేము చూచియున్నాము. మా తండ్రిగారు మాత్రము చక్రము కింద రాయి పెట్టించి, హవా ముల్లు పైకి వచ్చువరకు సీటు విడిచేవారు కారు.

2009లో మేము కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయమున ఎం.ఏ. చదువుచుంటిమి. ఆ డిసెంబరులో క్లీనరు ఊరికి పోయినందున సెలవులలో మేమే క్లీనరుగా పోయినాము. గువ్వలచెరువులో తెల్లవారుజామున నాలుగున్నరకు దుప్పటి కప్పుకొని చక్రము వద్ద నిలిచి, ఆ ఇంజను గర్జనను విసుగుతో విన్నాము. ఆ బండిలో ఒక గాలి గొట్టము కారుచుండెడిది. రాత్రి ఆపిన బండిలో తెల్లవారుసరికి గాలి పూర్తిగా దిగిపోయెడిది. గొట్టము మార్పించమని మా తండ్రిగారు రెండు మారులు అడిగినారట. చూద్దామన్నారట. మూడవమారు ఆయన అడుగలేదు. అడుగుట కంటె పది నిముషములు రేజులో పెట్టుకొనుట సులభమని ఎంచినారు కాబోలు.

తిరిగి వచ్చిన తరువాత ఒక శుక్రవారము, మా తండ్రిగారు నమాజునకు పోయిన సమయమున, మేము లారీ ఆఫీసులో లెక్కల కాగితము ఇచ్చుటకు కూర్చుంటిమి. యజమాని డీజిలు బిల్లులు తిరగవేయుచు తల ఎత్తి అడిగినారు.

"నువ్వు చదువుకుంటాండే పిల్లోడివి, అబద్ధం చెప్పవు. పొద్దున్నే మీ నాయన బండి ఎంతసేపు రేజులో పెడతాడు?"

"పదిహేను నిముషాలు సామీ" అన్నాము.

అబద్ధము చెప్పలేదని ఆ రోజు కొంత గర్వము కూడ కలిగినదని ఒప్పుకొనవలెను. గొట్టము మాట మా నోట రాలేదు. ఆయన అడుగలేదు, మేము చెప్పలేదు.

ఆ నెల బత్తాలో కోత పడినది. అంతటితో పోయిన ఈ వ్యాసము వ్రాయవలసిన అగత్యము లేకపోవును. యజమాని మేస్త్రిని పిలిపించి, గుబ్బకు ఉన్న తీగను విప్పించినారు. ఇక రేజులో పెట్టవలెనన్న సీటులో కూర్చుండి కాలితో నొక్కి పట్టవలసినదే. దానికి తోడు, ఘాటు మీద ఎవరు ఎంతసేపు ఆపినారో వెనుక వచ్చు బండ్లవారి వలన యజమానికి తెలియుచుండెడిది. మా తండ్రిగారు పది నిముషములను ఐదు చేసినారు.

2010 జనవరిలో ఒకనాటి తెల్లవారుజామున ఐదు నిముషములకే బండి కదిలినది. ముల్లు ఎర్రగీతకు కొంచెము పైన ఉన్నదట. దిగుడులో బ్రేకు నొక్కిన ప్రతిసారి కొంత గాలి ఖర్చగును. గొట్టము కారుట ఒకవైపు, మలుపుల బ్రేకులు ఒకవైపు. మూడవ మలుపు దాటుసరికి ముల్లు కిందికి పడినది, బజరు మ్రోగినది. లోయ వైపు పోనీయక ఆయన బండిని కొండవైపునకు తిప్పి, కాలువలోనికి దింపి, రాతికి ఆనించి ఆపినారు. బెల్లపు దిమ్మెలు రోడ్డున పడినవి. ప్రాణములు పోలేదు. ఆయన ఎడమ భుజము విరిగినది. అతికినది కాని, నాటి నుండి ఆ చేయి తలపైకి లేవదు. నమాజునకు చేతులెత్తునపుడు కుడిచేయి చెవిదాక పోవును, ఎడమచేయి రొమ్ము వద్దనే నిలిచిపోవును. పండుగనాడు ఈద్గాలో ఆయన ప్రక్కన నిలిచినప్పుడు మేము అటు చూడము.

యజమాని ఆసుపత్రి ఖర్చు పెట్టుకొన్నారు. గాలి గొట్టము కూడ మార్పించినారు. దాని వెల రెండు ట్రిప్పుల బత్తాకు సరిపోలేదని తరువాత మేస్త్రి చెప్పగా తెలిసినది.

పదిహేను నిముషముల మాట మేము ఇంటిలో ఎవరికిని చెప్పలేదు. మాకు ఉద్యోగము వచ్చినది, కర్నూలునకు వచ్చితిమి. మా తండ్రిగారు లారీ మానినారు. మా తమ్ముడు ఎత్తుకొన్నాడు. 2021లో ఫైనాన్సు మీద కొత్త బండి కొన్నాడు. 2020 ఏప్రిలు నుండి దేశమంతట అమలైన భారత్ స్టేజి ఆరు ప్రమాణముల బండి. అందులో గుబ్బ లేదు. ఇంజను ఎంత చల్లగా ఉన్నదో కంప్యూటరు చూచుకొని, తానే చుట్లు పెంచును, వేడెక్కిన కొద్ది తానే తగ్గించును. మొదటిసారి ఎక్కి కూర్చున్ననాడు మా తండ్రిగారు డాష్‌బోర్డు అంతయు తడిమి, "గుబ్బ ఏదిరా?" అని అడిగినారని తమ్ముడు నవ్వుచు చెప్పినాడు.

2023 డిసెంబరులో రాయచోటిలో ఒక పెండ్లికి పోయి, మేమును మా తండ్రిగారును తమ్ముని లారీలోనే తిరిగి బయలుదేరినాము. రాత్రి పొద్దుపోయినందున గువ్వలచెరువులో ఆపి పడుకొన్నాము. తెల్లవారుజామున తమ్ముడు స్టార్టు చేసినాడు. రెండు నిముషములలో గాలి ముల్లులు రెండును నిండినవి. వాడు గేరు వేయబోగా మా తండ్రిగారు ఆపినారు.

"ఆగరా. ఇంజను ఇంకా పైనే ఉంది."

"హవా ఎక్కింది కదా అబ్బా!"

"హవా సంగతి కాదు. రేజులో ఉన్న బండిని దిగుట్లో వదిలితే అది వెనక్కి పట్టదు, ముందుకి తోస్తుంది."

ఒకప్పుడు ఇంజనును రేజులో పెట్టుటకై బత్తా పోగొట్టుకొన్న మనిషి, ఇప్పుడు రేజు దిగువరకు కదలరాదని పట్టుపట్టుట మాకు వింతగా తోచినది. ఆలోచింపగా వింత లేదు. మొదటి గేరులో దిగునప్పుడు చక్రములు ఇంజనును తిప్పును, ఇంజను వాటిని పట్టి ఉంచును. అదే ఇంజనును వేయి చుట్లకు తగ్గరాదని కట్టివేసిన, మలుపులో బండిని నత్తనడకకు తేవలసిన చోట అది తగ్గనీయదు. డీజిలు పోసుకొని తోయును. అప్పుడు భారమంతయు బ్రేకు మీదనే పడును, బ్రేకు కాగును. పాత బండిలో హవా ఎక్కిన వెంటనే గుబ్బను లోనికి నొక్కి మరీ దిగేవారమని మా తండ్రిగారు చెప్పినారు. ఈ బండిలో నొక్కుటకు గుబ్బ లేదు.

తమ్ముని వాదము కూడ కొట్టివేయదగినది కాదు. కొత్త ఇంజను నిలిచి తిరిగిన కంటె మెల్లగా నడచిననే త్వరగా వేడెక్కునని, చాలసేపు ఊరక తిప్పవద్దని కంపెనీ పుస్తకములోనే ఉన్నదని వాడన్నాడు. "అది దానంతట అదే చూసుకుంటాది అబ్బా. ఎగ్జాస్టు బ్రేకు ఉంది." పుస్తకము వ్రాసినవాడు గువ్వలచెరువు చూచినాడా అని మా తండ్రిగారు. వాడు స్టీరింగు మీద చేయి కొట్టినాడు. వెనుక బండి హారను. "భాయ్, నువ్వన్నా చెప్పు" అని తమ్ముడు మా వైపు తిరిగినాడు. మా తండ్రిగారు కూడ చూచినారు. మేము నడుమ కూర్చుంటిమి. సరిగా పదునాలుగేండ్లకు మమ్ములను మరల సాక్ష్యము అడిగినారు.

మాకు మాట రాలేదు. మా తండ్రిగారే తలుపు తీసి, "ఇంటికి కోవా తీసుకుంటా" అని దిగినారు. ఆయనకు ఎడమచేతితో పైకమ్మీ పట్టుకొనుట చేతగాదు గనుక మేమును దిగి వెంట పోయినాము. అంగడివాడు అప్పుడే తలుపులు తీయుచున్నాడు. తూచి, కాగితము చుట్టి, చిల్లర వెదకి ఇచ్చుసరికి కొంతసేపు పట్టినది. తిరిగి వచ్చునపుడు ఆయన మా ముఖము చూడకనే అన్నారు.

"ఆ పొద్దు ఓనరు అడిగితే పదిహేను నిముషాలు అన్నావంట."

మేము ఆగిపోయినాము. ఎవరు చెప్పినారో, ఎప్పటి నుండి తెలియునో అడుగుటకు నోరు రాలేదు.

"పదిహేను కాదు బేటా. పన్నెండే. నేను గడియారం చూసేవాడిని."

కోవా పొట్లము మా చేతిలో పెట్టి, కుడిచేతితో కమ్మీ పట్టుకొని, భుజము కింద మా ఆసరాతో ఆయన పైకెక్కినారు. ఇంజను మెత్తగా తిరుగుచున్నది. ముల్లు ఆరువందల దగ్గర నిలిచియున్నది. తమ్ముడు దానిని చూచినాడు, మా తండ్రిగారును చూచినారు. ఇద్దరిలో ఎవరును ఏమియు అనలేదు. వాడు మొదటి గేరు వేసినాడు.

మన బస్సు డ్రైవరును మేము నిన్న సాయంకాలము కలిసినాము. కర్నూలులో ఆ బస్సు ఎక్కవలసిన కొండ ఏదియు లేదు, నిజమే. అయినను ట్యాంకులో గాలి రాత్రంతయు నిలుచుచున్నదా అని అడిగినాము. అతడు కొంతసేపు మా వైపు చూచి, రమ్మని, చక్రము వెనుక ఒక గొట్టము చూపినాడు. గుడ్డపీలిక చుట్టి ఉన్నది.