కొండ క్రింది క్రీడాంగణము

తిరుపతికి బోవు స్త్రీలలో పెక్కండ్రు కొండమీది స్వామిని, తిరుచానూరి యమ్మవారిని, గోవిందరాజస్వామిని సేవించి, గాజులు, ప్రసాదము కొనుక్కొని రైలువేళకు తిరిగివత్తురు. ఈమారు సోదరీమణు లొక్క సాయంకాలము మిగుల్చుకొని, పట్టణమునకు పడమరగా కొండపాదమున నున్న విశ్వవిద్యాలయముల వైపు పోయి, అచ్చటి యాటస్థలములను చూడవలయునని నా మనవి.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954వ సంవత్సరమున స్థాపితమైనది. ఆంధ్రరాష్ట్ర మేర్పడి యప్పటి కేడాదియైన నిండలేదు. దానికి పొరుగుననే 1983లో స్త్రీలకొరకు శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము వెలసినది. చిత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తి ప్రాంతముల నుండి పెట్టెలు పట్టుకొని వచ్చు బాలికల కీ రెండును చేరువ. 2022లో తిరుపతి వేఱు జిల్లా యైనను ఆ రాకపోకలు మారలేదు.

మొదటిదాని యావరణలో తారకరామ క్రీడాంగణము కలదు. అం దాటలే గాక బహిరంగసభలును జరిగినవి; 2014 ఎన్నికలనాటి సభ పలువురకు జ్ఞాపకముండును. మన దేశమున చదునైన నేల కనబడిన పందిరిగుంజ పాతక విడువరు! సభ యొకనాటితో ముగియును. గుంతలు పూడి నేల చదునగు వఱకు బంతి తిన్నగా పోదు.

ఫుట్‌బాలునకు ముఖ్యముగా కావలసినది నేలయే. అంతర్జాతీయపు పోటీలకు వాడు స్థలము 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. అనగా రమారమి యొకటిముప్పాతిక యెకరము. గోలు 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల యెత్తు. పదునొకండుగురు చొప్పున రెండు జట్లు 90 నిమిషములు పరుగెత్తవలయును. తిరుపతి వేసవి యెండకు నేల పెంకువలె గట్టిపడును. పడినచో మోకాలి చర్మము లేచిపోవును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్యఋతుపవనపు వానలకు బురద యగును. అందుచే నీరుపెట్టి, గడ్డి పెంచి, నేలను కాపాడువారి పని ఆటగాండ్ర పనికి తీసిపోదు.

నేల నిరాకరించిన నేమగునో ఇంగ్లండు చరిత్ర చెప్పును. 1920 డిసెంబరు 26న లివర్‌పూలులో స్త్రీల యాట చూచుటకు సుమారు 53,000 మంది వచ్చిరి. మఱుసటి సంవత్సరమే అచ్చటి ఫుట్‌బాలు సంఘమువారు, ఈ యాట స్త్రీలకు తగదని, తమకు లోబడిన స్థలములలో వారి నాడనీయరాదని కట్టడి చేసిరి. అది తొలగుటకు రమారమి యేబదియేండ్లు పట్టినది. స్త్రీల ప్రపంచకప్పు 1991లో గాని మొదలు కాలేదు. మన నిజామాబాదు బిడ్డ గుగులోతు సౌమ్య భారతజట్టులో నాడినదని విన్నప్పుడు, ఆమెకు మొదట నేల నిచ్చినవా రెవరో గాని ధన్యులనిపించినది.

నేను పోయిన సాయంకాల మొక తల్లి గట్టుమీద కూర్చుండి కూతురి యాట చూచుచుండెను. దక్షిణమండల అంతర్విశ్వవిద్యాలయపు పోటీలకు జట్టు నేర్పఱచుచున్నారట. బిడ్డ నీళ్లు త్రాగ వచ్చినపుడు, "కాలు విరిగితే పెండ్లెట్ల చేసేది మే?" అని తల్లి యడిగినది.

"మిద్దె మెట్లమీద జారినా విరుగుతుంది గదమ్మా!" అని బిడ్డ నవ్వినది.

తల్లి నవ్వలేదు. జట్టుతో వచ్చిన యుపాధ్యాయినిని పిలిచి యడుగసాగినది: రైలులో రాత్రివేళ తోడెవరు? బస యెచ్చట? బట్టలు మార్చుకొన గది యుండునా? నెలసరి దినములైన నెట్లు? ఇవి పిఱికిదాని ప్రశ్నలని నే ననను. పోటీలు నడపువారు ముందుగా తమ్ము తా మడుగవలసిన వివియే. మరుగుదొడ్డి లేని క్రీడాంగణ మెంత విశాలమైనను బాలికకు సగమే తెఱచినట్లు. ఉపాధ్యాయిని గట్టుమీద కూర్చుండి యొక్కొక్కదానికి నెమ్మదిగా బదులు చెప్పినది. కొన్నిటికి తల్లి తల యూపినది. రాత్రి ప్రయాణమునకు మాత్ర మూపలేదు.

"మీ నాయనతో మాట్లాడి చెప్తా" నని లేచినది.

"ఎల్లుండిలోగా చెప్పాలమ్మా" అని బిడ్డ బూట్ల మట్టి దులుపుకొనుచు ననెను.