ఇంకా ఎన్ని మిరపకాయలు?

ఈరోజు పత్తి ధర సంగతి పక్కన పెట్టి, ఇంట్లో పిల్లలు పుట్టించే మాటల గురించి నాలుగు ముక్కలు రాస్తాను.

మాది ఎమ్మిగనూరు పక్కన పల్లె. మేము ముగ్గురం. నేను పెద్దోన్ని, తర్వాత తమ్ముడు, చివర చెల్లెలు. క భాష బడిలో అందరికీ వచ్చు. "నువ్వు రా" అనేదానికి "కనుకవ్వు కరా" అనేది. మా ముగ్గురికే తెలిసిన మాటలు వేరే ఉండె.

ఒకటి "తరుగు". నాయన పత్తి అమ్మి వచ్చినప్పుడల్లా "తరుగు కింద ఇన్ని కిలోలు తీసేసినారే" అని అమ్మతో చెప్తుండె. ఇంకొకరి సొమ్ము కొంచెం కొరికితే తరుగు అంటారేమో అనుకున్నాం. అవ్వ చెల్లెలికి పంపిన బెల్లం ముక్కను తమ్ముడు దారిలోనే ఒక పక్క కొరికేవాడు. ఆ పిల్ల ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి "తరుగు ఎంత?" అని అడుగుతుండె. ఇప్పటికీ తమ్ముడు ఆదోని నుంచి ఉగ్గాని బజ్జి తెస్తే మొదటి ప్రశ్న అదే.

ఇంకోటి "ఎల్లెల్సీ". మన తుంగభద్ర దిగువ కాలువే. హోస్పేట దగ్గర డ్యాంలో బయలుదేరి, కర్ణాటక దాటి, చివరి పొలాలకు వచ్చేసరికి ఎట్లుంటుందో మీకు చెప్పేదేముంది. మామ "సంతలో జిలేబి తెస్తా" అని అటు తిరగంగానే "ఎల్లెల్సీ" అని నవ్వుకునేది. బయలుదేరింది గానీ చేరదు అని అర్థం.

ఒక మాట మాత్రం ఏడుపులో పుట్టింది. వానలు లేని ఏడు అమ్మానాయన గుంటూరు పక్క మిరప కోతకు సుగ్గికి పోయినారు. సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం, మన పక్క వలసకే ఆ పేరు వచ్చింది. మమ్మల్ని అవ్వ దగ్గర వదిలినారు. చెల్లెలికి ఐదేండ్లు. అమ్మ ఎప్పుడొస్తుందని రోజూ సాయంత్రం ఏడుపు. "మిరపకాయలు అయిపోతే వస్తుందే" అనింది అవ్వ. మర్నాడు లేస్తూనే "ఇంకా ఎన్ని మిరపకాయలున్నాయి?" అని అడిగింది. తమ్ముడు ఎండుమిరపకాయలు తెచ్చి గూట్లో వరసగా పెట్టి, రోజుకొకటి తీసి చారులోకి ఇస్తుండె. వరస అయిపోవచ్చింది, అమ్మ రాలే. చెల్లెలు నిద్రపోయినాక వాడు ఇంకో గుప్పెడు పెట్టినాడు. పొద్దున చూసి ఆ పిల్ల "మిరపకాయలకు పిల్లలు పుట్టినాయి" అనింది. అవ్వ నవ్వుతూనే కొంగుతో కండ్లు తుడుచుకునింది.

పోయినేడు చెల్లెలికి ఆపరేషన్ అయింది. తమ్ముడు ఫోన్ చేస్తే, సగం గొంతుతో "ఇంకా ఎన్ని మిరపకాయలన్నా?" అనింది. పక్కనున్న నర్సమ్మ కారం తినగూడదని కోప్పడిందంట. తమ్ముడు డాక్టరును కనుక్కొని "మూడే. ఈసారి పిల్లలు పుట్టవులే" అన్నాడు. నాలుగో రోజు ఇంటికొచ్చింది.

ఇప్పుడు మనవల వంతు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకపోయినప్పుడు మనమంతా టీవీల ముందే ఉంటిమి. ఆ వారంలోనే మా మనవరాలు తమ్ముని పడక తడిసింది చూసి "తాతా, 19వ గేటు పోయింది!" అని అరిచింది. వానికి పెండ్లయినా ఆ మాట వదలదు.

పొలం భాగాలు పెట్టుకొని గట్టు వేసుకోవచ్చు, మేమూ వేసుకున్నాం. ఈ మాటలకు భాగాలు కుదరవు. ఒక్కని దగ్గర మిగిలితే పనికి రావు, అర్థమయ్యే ఇంకొకరు ఉండాల.

ఈ ఏడు కూడా మన పల్లెల్లో సుగ్గి బండ్లు ఎక్కుతారు. పిల్లల్ని వదిలి పోయేవాళ్లకు ఒక్కటే చెప్తా. ఒకర్ని ఒక చుట్టమింట్లో, ఇంకొకర్ని ఇంకో ఇంట్లో పెట్టొద్దండి. తోడబుట్టినోళ్లను ఒక్క చోటే ఉంచండి. వాళ్లకు కావాల్సిన మాటలు వాళ్లే పుట్టించుకుంటారు.