అక్షహృదయము – చింతగింజల లెక్క

నెల్లూరు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు సముద్రంలో మరపడవల వేట నిషిద్ధం. మత్స్యసంతతి వృద్ధి కొరకు విధించిన ఈ విరామకాలంలో మైపాడు పరిసరాల ఇసుకమీద పడవలు వరుసగా ఒరిగి ఉంటాయి. వలలు బాగుచేసే పని ఉదయమే ముగుస్తుంది. సాయంకాలం తాటాకు పందిళ్ల క్రింద పేకముక్కలు వెలువడతాయి. అటువంటి ఒక పందిరి క్రింద నలుగురు కూర్చుంటారు. ఒకరు పడవ యజమాని, ఒకరు మంచు ఫ్యాక్టరీ గుమాస్తా, ఒకరు రొయ్యల మేత దుకాణదారు. నాలుగవవారు విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు. ఊరంతా ఆయనను అయివారు అంటుంది. రెండెకరాల రొయ్యల చెరువు కౌలుకు తీసుకుని సాగుచేయడం పదవీవిరమణానంతరం ఆయన స్వీకరించిన వృత్తి.

వీరి ఆట పదమూడు ముక్కల రమ్మీ. ఒకప్పుడు రూపాయలతో ఆడేవారు. గుమాస్తా బంధువర్గంలో ఒక యువకుడు చరవాణిలో రమ్మీ ఆడి ఋణగ్రస్తుడైన తరువాత వీరు రూపాయలను విడిచి చింతగింజలను ఆశ్రయించారు. శాసనము కూడ ఆ దిశగానే నడిచింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యక్రీడ అని సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పినప్పటికీ, 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి జూద చట్టాన్ని సవరించి అంతర్జాలంలోని పందెపు ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి చట్టమే చేసింది. అయినను అయివారికి ఆ పాత తీర్పుమీద మమకారం పోలేదు. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకోవాలి, ఏది నిలుపుకోవాలో ఏది విడవాలో తెలియాలి అన్న అందలి వివేచన ఆయనకు శాస్త్రవాక్యమువలె తోచేది.

గింజలకు ఒక నియమం ఉన్నది. నెలకు ఒక్కొక్కరికి 200. పది పాయింట్లకు ఒక గింజ. ముక్కలు చూడగానే విడిచిపెడితే 20 పాయింట్లు, అనగా రెండు గింజలు. నడుమ విడిస్తే 40. చివరిదాకా ఉండి, శుద్ధమైన వరుస ఒక్కటైనను కూర్చలేక చిక్కుకుంటే 80, అనగా ఎనిమిది గింజలు. గింజలు అయిపోయినవాడు నెల ముగిసేవరకు ఇతరులకు పేక కలిపి ఇస్తూ చూస్తూ కూర్చోవాలి. మొదటి నెలలో అయివారికి ఈ గతి పదకొండవ దినాననే పట్టింది.

పోయినది చింతగింజలు. అయినను ఆ రాత్రి ఆయనకు నిద్ర రాలేదు. ధనము ఉన్నందువల్లనే జూదంలో తాపము పుడుతుందని అంతకాలం నమ్మిన మనిషికి, ధనము లేనిచోట కూడ అదే తాపము, అదే కరకంపము, అదే రోషము కనిపించినవి. అప్పుడు తాపానికి మూలమేది? ఈ ప్రశ్నతోనే ఆయన ఒక పాత లెక్కల పుస్తకం తెరిచారు.

డల్లాసులో ఉన్న అల్లుడు ఈ సంగతి విని నవ్వలేదు. అతడు శుక్రవారం రాత్రులలో మిత్రులతో స్వల్ప మొత్తాలకు పోకర్ ఆడతాడు. "మామా, మీ 200 గింజలే మీ బ్యాంక్‌రోల్. ఆటకోసం వేరుగా తీసిపెట్టిన మూలధనం. అది చిన్నదైనప్పుడు గెలవడం కంటే ముందు మిగలడం నేర్చుకోవాల," అన్నాడు. అతని ఆటలో చేతికి రెండు ముక్కలు వస్తాయి. బల్లమీద అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడి. నిలకడగల ఆటగాడు తొమ్మిదిమంది కూర్చున్న బల్లవద్ద తనకు వచ్చే చేతులలో అధికభాగం ఆదిలోనే విడిచివేస్తాడు. రెండు ఆసులు వచ్చినవాడు, రెండు రాజులు వచ్చినవానితో తలపడితే నూటికి సుమారు 80 సార్లు గెలుస్తాడు. ఇంతకంటె శ్రేష్ఠమైన స్థితి ఆ ఆటలో అరుదు. కాని ప్రతిసారీ సర్వస్వమూ ఒడ్డేవాడు, అంత అనుకూలస్థితిలోనే అయిదుసార్లు వరుసగా నిలబడే అవకాశం నూటికి 33 మాత్రమే. అయివారు కాగితంమీద 80ని నూటితో భాగించి అయిదుసార్లు గుణించి చూశారు. లెక్క సరియే. అనుకూలమైన ఆట ఆడుతూ కూడ, ఒడ్డే మోతాదు తెలియనివాడు మూడింట రెండు వంతులు నశిస్తాడు.

ఇక్కడ ఆయనకు నలుడు జ్ఞాపకం వచ్చాడు. ఋతుపర్ణుని రథం విదర్భకు పరుగెత్తుతున్నది. త్రోవలో ఒక విభీతకవృక్షం, మన వాడుకలో తాండ్రచెట్టు. దాని రెండు కొమ్మలలో 2095 ఫలాలు ఉన్నవని రాజు చెప్పాడు. బాహుకరూపంలో ఉన్న నలుడు నమ్మలేదు. త్వరపడవలసిన ప్రయాణంలో రథం ఆపి లెక్కించాడు. సంఖ్య సరిపోయింది. అశ్వహృదయానికి ప్రతిగా రాజు అతనికి అక్షహృదయం ఉపదేశించాడు. ఆ క్షణమే కలి అతని దేహంనుండి, కర్కోటకుని విషం క్రక్కుతూ, వెలువడ్డాడు. సంభావ్యతాశాస్త్రపు పుట్టుక గురించి 1975లో ఇయన్ హాకింగ్ వెలువరించిన గ్రంథంలో ఈ కథకు చోటు ఉన్నది; ఆ రాజు సంఖ్యానవిద్య గణితజ్ఞులకు నేటికీ ఆశ్చర్యకరం. అయితే అయివారి ఆశ్చర్యం వేరు. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తం చెప్పే పాచికలు ఈ విభీతకఫలాలే. కలి నలుని విడిచి దాగినది కూడ ఈ చెట్టులోనే. రోగమూ ఔషధమూ ఒకే చెట్టున ఉన్నవి. ఎవడు దానిని లెక్కించాడో వానిని అది విడిచింది.

ఆయన లెక్కించసాగారు. రెండు కట్టల పేకలో ప్రతి ముక్కా రెండుసార్లే ఉంటుంది. ఆఠీను ఏడు రెండూ పడిపోయిన తరువాత దానికొరకు ఎదురుచూడటం ఆశ కాదు, అజ్ఞానం. ఇది సులభంగానే పట్టుబడింది. కఠినమైనది రెండవ లెక్క. ప్రతి ఆట తరువాత ఆయన రెండు మాటలు వ్రాసేవారు: నిర్ణయము ఎట్టిది, ఫలము ఎట్టిది. నెల గడిచేసరికి పుస్తకం ఒక రహస్యం బయటపెట్టింది. ఆయన ఎనిమిదేసి గింజలు పోగొట్టుకున్న ఆటలలో సగానికి మించి, అంతకు ముందరి ఆట ఓడిన వెంటనే ఆడినవి. ముక్కలు చెడ్డవని కన్ను చెబుతున్నది. పోయినది రాబట్టవలెనని మరొకటేదో చెబుతున్నది. ఆ మరొకదానికి పురాణం పెట్టిన పేరు ఆయన పుస్తకపు అంచున పెన్సిలుతో వ్రాసుకున్నారు.

రెండవ నెల ఆయన చేతులు విడవడం ఆరంభించారు. శుద్ధమైన వరుసకు దగ్గరి ముక్కలు లేవు, జోకరు లేదు: రెండు గింజలు పెట్టి పడవేయడమే. "ఏంది అయివోరా, మళ్లీ పడేసినారా? ఆట ఆడను వస్తా ఉండారా, అలంకారానికి వస్తా ఉండారా?" అని పడవ యజమాని పరిహసించేవాడు. నెలాఖరున అయివారి డబ్బాలో 140 గింజలు మిగిలినవి. గెలుపు కాదు. మిగులు.

నెల్లూరువారికి ఈ విషయంలో ఒక ప్రత్యేకబంధం ఉన్నది. మనుమసిద్ధి ఆస్థానంలో, ఈ పెన్నాతీరంలో ఉన్న తిక్కన భారతరచనను విరాటపర్వంతో ఆరంభించాడు. అందులో ధర్మరాజు ఎవరు? కంకుడు, విరాటునికి జూదపు సహచరుడు. అరణ్యంలో బృహదశ్వుడు నలకథ చెప్పి అక్షహృదయం ఇచ్చిన తరువాతి ధర్మరాజు. ఆడటం బాగుగా నేర్చిన ఆ కంకుడే, ఆటకు పిలిచిన రాజును జూదం వలదని వారించాడు; ఆ ఆటలోనే పాచికదెబ్బ తిని ముఖాన రక్తం కార్చాడు. నేర్పు పెరిగినంత మాత్రాన దెబ్బ తప్పలేదు. ఇక నలుని విషయంలో అయివారికి తీరని సందేహం ఒకటి మిగిలింది. సంస్కృతమూలంలో, కలి విడిచిన తరువాత కూడ నలుడు పుష్కరునితో ఆడినది ఒకే పందెం. అందులో దమయంతితోసహా సమస్తమూ ఒడ్డాడు. "ఆల్-ఇన్ మామా," అని అల్లుడు నవ్వాడు. వ్యాసుడు దీనికి సమాధానం చెప్పలేదు. చెప్పినట్లు నటించే వ్యాఖ్యానాలతో ఆయన తృప్తి పడలేదు కూడ.

అక్షసూక్తం చివర జూదరికి వచ్చే ఉపదేశం పాచికలు విడిచి పొలం దున్నుకొమ్మని. ఆ ఋషి రొయ్యల చెరువు చూడలేదని అయివారు ఒకసారి అన్నారు. ఈ తీరంలో కృషియే పాచిక. వనామీ పిల్లను వదిలిన నాటినుండి నాలుగు నెలలలోపు పంట. మేత, కరెంటు, మందులు, కౌలు అన్నీ ముందే ఒడ్డవలె. తెల్లమచ్చ వైరసు వస్తే కొద్ది దినాలలో చెరువు తుడిచిపెట్టుకుపోతుంది. ఆ వేసవి పంటకు ఆయన మూలధనంలో కొంతభాగం సహధర్మచారిణి గాజులు. అవి బ్యాంకులో తాకట్టులో ఉన్నవి.

యాభై రెండవ దినాన చెక్ ట్రేలలో మేత మిగిలింది. మరునాడు రొయ్యలు గట్టు అంచులకు వచ్చినవి, కొంగలు మూగినవి. ప్రక్క కాలువమీద ఒక చెరువు అప్పటికే పోయింది. అయివారి ముందు ఉన్నవి రెండు దారులు. వెంటనే వల వేసి, సన్నరొయ్యను, కిలోకు వంద పైచిలుకు కౌంట్‌ను, అయినంతకు అమ్మడం. పెట్టుబడిలో సగమైనా దక్కుతుంది. లేదా మందులు పోసి, ఏరియేటర్లు రాత్రింబవళ్లు తిప్పి, ఇంకొక నెల నిలవడం. నిలిస్తే లాభం, నిలవకపోతే సర్వనాశం, దానిపైన ఆ నెల ఖర్చు. ఇంత దూరం వచ్చాక విడవడమెట్లా అని లోపల ఒక కంఠం పలికింది. ఆ కంఠం ఆయనకు సుపరిచితం. దాని లెక్క పుస్తకంలో ఉన్నది. తెల్లవారుజామున వల వేయించారు. పొరుగు చెరువు రైతు మాత్రం నిలిచాడు.

ఇక్కడ కథ నీతికథ అయివుంటే పొరుగు చెరువు పోవలెను. పోలేదు. అతని రొయ్య కోలుకుని, నెల తరువాత నలభై కౌంట్‌కు వచ్చి, మంచి ధర పలికింది.

గీత రెండవ అధ్యాయాన్ని ముప్పది సంవత్సరాలు పిల్లలకు బోధించిన మనిషికి, కర్మమందే అధికారమన్న మాట ఎంత బరువైనదో ఆ సాయంకాలం తెలిసింది. నష్టం వచ్చినప్పుడు ఫలాన్ని విడవడం ఒక విధంగా సులభం. విడవడానికి అక్కడేమీ మిగలదు. తాను విడిచినచోట ఇంకొకడు గెలిచినప్పుడు, తన నిర్ణయం సరియైనదేనని నమ్మి నిలవడం వేరొక సాధన. అందులో ఇంకొక చిక్కు ఉన్నది. నిర్ణయం నిజంగా సరియైనదా, లేక సరియని చెప్పుకోవడం కూడ ఓటమికి కట్టిన మెరుగైన పేరా? పేకలో ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది, ఎందుకంటే నెలకు వందల ఆటలు. చెరువు ఏడాదికి రెండు మూడు పంటలు. ఒక జీవితంలో ఎన్ని?

భార్య రాత్రి భోజనం వడ్డిస్తూ అడిగింది.

"పక్క చెరువు బతికిందంట గదండీ?"

"బతికింది."

"అయితే మనం తొందరపడినామా?"

ఆయన లోపలినుండి పుస్తకం తెచ్చి చూపించారు. ఆ దినం క్రింద రెండు మాటలు ఉన్నవి: నిర్ణయము యుక్తము, ఫలము ప్రతికూలము. ఆమె దీపం దగ్గరకు పట్టుకుని చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

"ఇది మీకు బాగుండాది. నా గాజులు ఎప్పుడొస్తాయో ఆ మాట కూడా ఈడ రాయండి," అన్నది.

అందులో ఆక్షేపణ ఉన్నదో లేదో ఆయనకు తెలియలేదు. చాలాసేపటి తరువాత ఆయన కలం తీసుకుని, అంతవరకు చింతగింజలు మాత్రమే ఉన్న ఆ పుస్తకంలో, మూడవ గడి ఒకటి గీశారు. తాకట్టు మొత్తం, వడ్డీ, కట్టవలసిన నెల వ్రాశారు. పింఛనులో నెలకు ఎంత ప్రక్కన పెట్టగలరో లెక్కవేస్తే పదునాలుగు నెలలు వచ్చింది. ఆ పదునాలుగు నెలలలో చెరువులో పిల్ల వదలడమన్నది గడిలో ఎక్కడా వ్రాయలేదు. వదలనని కూడ వ్రాయలేదు. బయట పొరుగు చెరువుమీద ఏరియేటర్లు ఆగి ఉన్నవి. వేట నిషేధం తీరి అయిదు దినాలైంది కనుక తీరంనుండి పడవల ఇంజన్ల చప్పుడు వినవస్తున్నది.